పదిహేనేళ్లకొస్తున్న స్విఫ్ట్ డీజిల్: ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?

రెండో తరం స్విఫ్ట్ మార్కెట్లోకి వచ్చింది 2011 ఆగస్టులో. దానికే డిక్కీ తగిలించిన డిజైర్ 2012 ఫిబ్రవరిలో. అంటే ఏపీ 16, ఏపీ 07 నంబర్లతో తిరుగుతున్న మొదటి బ్యాచ్ బళ్లకు 2026 నుంచి పదిహేనేళ్ల ఆర్సీ గడువు తీరుతోంది. ఎక్స్చేంజ్ మేళాల ఫోన్లు కూడా సరిగ్గా వీళ్లకే ఎక్కువ. ఈ రివ్యూ ఆ పాత బండి గురించే. పన్నెండు, పద్నాలుగేళ్లు బెజవాడ ఎండలో, గుంటూరు ఉప్పునీళ్ల వాషింగుల్లో నలిగాక ఇది ఎక్కడ డబ్బు తింటుంది, ఎక్కడ తినదు, ఏది కనబడితే ఇక వదిలేయాలి అన్నదే ఇక్కడి విషయం.

తీర్పు ముందే చెప్పేస్తే: ఇంజిన్ చూసి అమ్మకండి, బాడీ చూసి అమ్మండి. ఈ ఇంజిన్‌కి వచ్చే ప్రతి రోగానికీ ఆటోనగర్‌లో మందుంది. ఫ్లోర్ తుప్పు పట్టినా, వైరింగ్ వరద నీళ్లు తాగినా మాత్రం లేదు.

ఇంజిన్

బానెట్ కింద ఉన్నది ఫియట్ 1.3 మల్టీజెట్. 1248 సీసీ, 75 పీఎస్ పవర్, 190 ఎన్ఎం టార్క్ (లాగే బలం). టాటా ఇండికా విస్టా, మాంజా, జెస్ట్, ఫియట్ పుంటో, లీనియాలు నడిచిందీ ఈ ఇంజిన్ మీదే. మారుతి 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే డీజిల్‌ని పూర్తిగా మానేసింది కానీ, ఇంతమంది వాడిన ఇంజిన్ కాబట్టి స్పేర్లకు కరువు లేదు. దీని మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లకూ కరువు లేదు. పైగా బీఎస్6కి ముందు బండి కనుక పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ గొడవ లేదు. కొత్త డీజిల్ కార్లను ఊళ్లోనే తిప్పేవాళ్లకు ఆ ఫిల్టర్ మసి పట్టి పెట్టే తిప్పలు ఈ బండి ఓనర్లకు తెలియవు.

దీనికి టైమింగ్ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటుంది. చైన్ కదా, జీవితాంతం వస్తుందని నమ్మి చాలామంది దెబ్బతింటారు. చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. సంప్‌లో ఆయిల్ పట్టేదే సుమారు మూడు లీటర్లు. అందులో అరలీటరు తగ్గినా, పదివేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్‌ని పద్దెనిమిది వేలకు లాగినా, ముందు ఇబ్బంది పడేది టెన్షనరే. పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో ఒకటి రెండు సెకన్లు గలగలమని ఆగిపోతే ఆయిల్, ఫిల్టర్ మార్చి చూడొచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఐడిల్‌లో ఆ చప్పుడు ఉంటే చైన్ సాగింది. ఇక ఆ బండిని హైవే ఎక్కించకూడదు. చైన్ పళ్లు జారితే వాల్వులు పిస్టన్‌లకు తగులుతాయి, ఆ తర్వాత హెడ్ పని. చైన్ కిట్ వేయించేటప్పుడు చైన్ ఒక్కటే కాదు, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు కలిపి మార్చాలి. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ అదే పాట.

ఆయిల్ విషయంలో మాన్యువల్‌లో ఉన్న గ్రేడే, 5డబ్ల్యూ-30 గానీ 5డబ్ల్యూ-40 గానీ, డీజిల్ స్పెసిఫికేషన్ ఉన్నదే పోయించాలి. మన ఎండలకి చిక్కటి ఆయిలే మంచిదని 20డబ్ల్యూ-50 పోసే షెడ్లు ఇంకా ఉన్నాయి. పొద్దుటి స్టార్ట్‌లో ఆ ఆయిల్ టెన్షనర్‌కి చేరేలోపే చైన్ కొట్టుకుంటుంది.

తర్వాత డీజిల్‌ని సిలిండర్లలోకి చల్లే ఇంజెక్టర్లు. పికప్ తగ్గింది, ఐడిల్‌లో బండి ఊగుతోంది అనగానే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలని ఎస్టిమేట్ ఇస్తే ఒప్పుకోకండి. దానికి రిటర్న్ టెస్ట్ ఉంది. ఇంజెక్టర్ల మీది రిటర్న్ పైపులు ఊడదీసి, నాలుగింటికీ నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఇంజిన్‌ని ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదలాలి. నాలుగు సీసాల్లో డీజిల్ దాదాపు సమానంగా చేరితే ఇంజెక్టర్ల లోపల లీకు లేదన్నమాట. మూడు సీసాలు పావు నిండి ఒకటి సగం దాటితే, దొంగ ఆ ఒక్కటే. దాన్ని డీజిల్ పంప్ షాపులో రిపేరు చేయించుకుంటే సరిపోతుంది. ఇంకో చిన్న విషయం: ఇంజెక్టర్ మొదట్లో తారులాంటి నల్లటి పదార్థం గట్టిపడి, చుస్ చుస్ అని గాలి శబ్దం వస్తుంటే పోయింది కింద ఉండే రాగి వాషర్. వాషర్ ఖరీదు వందల్లోనే. పట్టించుకోకపోతే ఆ మసి గట్టిపడి ఇంజెక్టర్ హెడ్‌లో ఇరుక్కుంటుంది. అప్పుడు దాన్ని బయటికి తీయడమే రోజంతా పని.

పొగ రంగు చూడ్డం నేర్చుకుంటే సగం మోసాలు తప్పుతాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు నల్లటి పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్, ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసేది) నుంచి వచ్చే రబ్బరు హోస్ చీలిక, ఈ వరసలో చూడాలి. మూడూ చవక పనులే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది: టర్బో సీల్ అయినా కావాలి, పిస్టన్ రింగులైనా కావాలి. ఏదో తేల్చడానికి ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, మళ్లీ బోర్లించి ఊరికే పెట్టండి. మూత కొద్దిగా వణికితే మామూలే. గాలికి ఎగిరి పడుతుంటే రింగులు అయిపోయాయి. మూత కదలకుండా ఉండి నీలం పొగ వస్తుంటే టర్బోని అనుమానించాలి. అప్పుడు టర్బో మొత్తం కాకుండా మధ్యలో తిరిగే కోర్ ఒక్కటి మార్చుకున్నా బండి నడుస్తుంది, ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. తెల్లటి పొగ వేడెక్కాక కూడా ఆగక, కూలెంట్ తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్.

ఈజీఆర్ మసి ఈ ఇంజిన్‌కి సిటీ జబ్బు. పటమట నుంచి బెంజి సర్కిల్, బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు, ఇలా రోజుకి నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తారు. మసి కాలదు, పేరుకుంటుంది. నలభై వేల కిలోమీటర్లకోసారి వాల్వ్ విప్పి శుభ్రం చేయిస్తే చాలు. అంతకన్నా మంచిది వారానికోసారి గుంటూరు హైవే మీద మూడో గేర్లోనో నాలుగో గేర్లోనో కాసేపు ఆర్‌పీఎం ఎక్కించి నడపడం. ఈజీఆర్‌ని మూసేసే రేకు ముక్క వేయిస్తామని షెడ్లో ఆశ పెడతారు. అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం, చెక్ ఇంజిన్ లైటు కూడా నెత్తినెక్కి కూర్చుంటుంది.

రెండు వేల ఆర్‌పీఎం లోపు బండి లాగదన్న ఫిర్యాదు మాత్రం ఫిర్యాదే కాదు. అది ఈ టర్బో గుణం, కొత్తలోనూ అంతే. ఏసీ వేసుకుని కనకదుర్గ ఫ్లైఓవర్ నెమ్మదిగా ఎక్కేటప్పుడు మూడో గేర్లో గుర్రుమంటే రెండోది వేయాలి. గేరు దించకుండా సగం క్లచ్ మీద ఈడ్చేవాళ్ల వల్లే ఈ కార్లలో క్లచ్ త్వరగా పోతుంది. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి సెట్టుగా మార్చడం తప్ప వేరే దారి లేదు. ఒక్క ప్లేటు మార్చి వెయ్యో రెండు వేలో మిగిల్చుకుంటే, బేరింగ్ అరిచినప్పుడు గేర్‌బాక్స్ దించే లేబరు మళ్లీ కట్టాలి.

మన ఊరి ఎండకు అసలు పరీక్ష కూలింగ్. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసిన బండి లోపల సున్నపు పొర కడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. అంతకుమించి ఇంకేదీ వద్దు. మే నెలలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీ చల్లదనం తగ్గి, బండి కదలగానే మళ్లీ వస్తుంటే గ్యాస్ నింపించకండి. ముందు రేడియేటర్ ఫ్యాన్ పూర్తి స్పీడులో తిరుగుతోందా, కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు పేరుకున్నాయా చూడండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది.

కింది భాగం

గుంతల్లో ముందు నుంచి టకటకమంటే లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు. స్టీరింగ్ తిప్పుతుంటే చేతికి తగిలే టక్ టక్ అయితే ర్యాక్. ముందరి సస్పెన్షన్ పని ఒకేసారి, రెండు వైపులా చేయించాలి. టైర్ల మీద నాలుగంకెల కోడ్ చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో మన ఎండలో హైవే ప్రయాణం వద్దు.

బాడీ, వరద

బండి భవిష్యత్తు తేలేది ఇక్కడే. లిఫ్ట్ ఎక్కించి, టార్చ్, స్క్రూడ్రైవర్ పట్టుకుని చూడాల్సిన చోట్లు: డోర్ల కింది అంచు, డోర్ల కింద బండి పొడవునా ఉండే సిల్, జాకీ పెట్టే పాయింట్లు, స్టెప్నీ గుంట, ముందు స్ట్రట్‌లు బిగించిన టవర్లు. పైపైన ఎర్రటి తుప్పుంటే గీకి, ప్రైమర్ కొట్టి, అండర్‌కోటింగ్ చేయించొచ్చు. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకు లోపలికి దిగిపోతుంటే, ముఖ్యంగా సిల్‌లో గానీ టవర్‌లో గానీ, టింకరింగ్ షాపు రేకు ముక్క వెల్డ్ చేసి పుట్టీ పూసినా బండికి ఆ బలం తిరిగి రాదు. ఎవరెన్ని చెప్పినా అలాంటి బండి మీద ఇక రూపాయి పెట్టకండి.

కారును చెట్టు కింద పెట్టేవాళ్లు ఇంకోటి చూడాలి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. వేపాకు అందులో పడి నీళ్లు పోయే దారి మూసుకుపోతే వాన నీళ్లు కాళ్ల దగ్గరికి దిగుతాయి. మ్యాట్ ఎత్తితే ఫెల్ట్ తడిగా, వాసనగా ఉంటుంది. ఆ తడి నెలల తరబడి ఉంటే ఫ్లోర్ పోతుంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకటి, తర్వాతొకటి, ఆ జాలీ తీసి ఆకులు ఏరేస్తే చాలు. పైసా ఖర్చు లేని పని, ఎవ్వరూ చేయరు.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి మునిగిన కార్లు లెక్కలేనన్ని. వాటిలో చాలా వాటికి సీట్లు ఉతికి, సెంటు కొట్టి మళ్లీ రోడ్డెక్కించారు. మీ బండి మునిగి ఉంటే, లేదా పాత స్విఫ్ట్ కొనబోతుంటే ఇవి చూడండి. సీటు బెల్టును చివరి వరకూ లాగితే లోపలి భాగంలో బురద గీత అడ్డంగా కనబడుతుంది, దాన్ని ఎంత ఉతికినా పోదు. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. డ్యాష్‌బోర్డు కింద కనెక్టరు ఒకటి ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. ఎయిర్‌బ్యాగులున్న వేరియంట్లో గేరు లివర్ దగ్గర, ఫ్లోర్‌కి ఆనుకునే ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ ఉంటుంది. అందుకే మునిగిన బళ్లలో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగే ఉంటుంది, లేదా స్టార్ట్ చేసేటప్పుడు ఒక్క క్షణం కూడా వెలగదు. వెలగలేదంటే బల్బు పీకేశారనే అర్థం. వైరింగ్ తడిసిన బండి వారం బాగుంటుంది, పదో రోజు పవర్ విండో పనిచేయదు, నెలకి ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీఎం మొరాయిస్తుంది. దీన్ని ఉంచుకునే లెక్క ఏ రకంగానూ కుదరదు.

డబ్బు లెక్క

"బండి రెండు లక్షలు చేయదు, దానికి డెబ్బై వేలు పెట్టడమేంటి?" అన్న మాట ప్రతి షెడ్డు దగ్గరా వినబడుతుంది. అసలు తప్పు ఈ తూకంలోనే ఉంది. రిపేరు బిల్లుని పాత బండి అమ్మకపు ధరతో కాదు, కొత్త బండి ఏడాదికి మింగే డబ్బుతో తూచాలి.

ఆన్‌రోడ్ తొమ్మిది లక్షల కొత్త కారు అనుకోండి, అందులో ఎక్స్ షోరూమ్ ఎనిమిది. పాత బండికి రెండు లక్షలు వస్తే మిగతా ఏడు లక్షలు లోను. 9 శాతం వడ్డీకి ఐదేళ్లంటే నెలకి రూ. 14,531, మొత్తం వడ్డీ రూ. 1.72 లక్షలు. ఇన్సూరెన్స్ వాళ్ల తరుగు పట్టిక ఐదో ఏడు నిండేసరికి 50 శాతం కొట్టేస్తుంది. ఆ ప్రకారం నాలుగు లక్షలు మిగిలాయనుకుందాం. అంటే విలువలో ఐదు లక్షలు, వడ్డీలో లక్షా డెబ్బై రెండు వేలు, ఐదేళ్లలో రూ. 6.72 లక్షలు పోయాయి. ఏడాదికి లక్షా ముప్పై నాలుగు వేలు. పాత బండి ఐదేళ్లలో సున్నాకి వచ్చేసిందనుకున్నా ఏడాదికి నలభై వేలు తరుగు, సర్వీసు, రిపేర్లకి ఇంకో నలభై వేలు. మొత్తం ఎనభై వేలు. తేడా ఏడాదికి యాభై నాలుగు వేలు పైనే, ఐదేళ్లకి రెండు లక్షల డెబ్బై వేలు. ఆ నలభై వేలకు అదనంగా ఇంత పెద్ద రిపేరు పడితే తప్ప కొత్త బండి లెక్కలో గెలవదు.

డీజిల్, పెట్రోల్ ఖర్చూ పాతదానివైపే మొగ్గుతుంది. డీజిల్ లీటరు రూ. 97, పెట్రోల్ రూ. 110 వేసుకుని, ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే, పాత డీజిల్ 18 ఇచ్చినా రూ. 64,700. కొత్త పెట్రోల్ 17 ఇస్తే రూ. 77,600. మీ మైలేజీ, మీ కిలోమీటర్లు వేసి మళ్లీ లెక్క చూసుకోండి. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా దాటని వాళ్లకు ఈ తేడా మిగలదు, పైగా ఈజీఆర్ మసి అదనం. వాళ్లకి ఈ బండి అవసరమే లేదు.

కొత్తది కొనాల్సివస్తే కాలం మాత్రం కొంత కలిసొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోల్ కార్ల మీద పన్ను 29 శాతం నుంచి 18కి దిగింది. కొత్త స్విఫ్ట్, డిజైర్ మూడు సిలిండర్ల 1.2 పెట్రోల్, టార్క్ 112 ఎన్ఎం. 190 ఎన్ఎంకి అలవాటుపడ్డ కాలికి హైవే ఓవర్‌టేకింగ్‌లో తేడా మొదటి రోజే తెలిసిపోతుంది. సీఎన్‌జీ అయితే డిక్కీ సగం పోతుంది, మూడేళ్లకోసారి సిలిండర్ టెస్టు తప్పదు.

లెక్కలన్నీ గెలిచినా పాత స్విఫ్ట్ ఓడిపోయేది భద్రతలో. ఎయిర్‌బ్యాగులు లేని మన స్విఫ్ట్‌కి 2014 నవంబరులో కార్లకు క్రాష్ టెస్టులు చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ ఇచ్చింది సున్నా స్టార్లు. 2024లో వచ్చిన డిజైర్‌కి అదే సంస్థ ఐదు ఇచ్చింది. ఎయిర్‌బ్యాగులు లేని వేరియంట్‌లో పిల్లల్ని ఎక్కించుకుని రోజూ బెజవాడ, గుంటూరు మధ్య హైవే మీద తిరిగేవాళ్లు మార్చేస్తామంటే కాదనలేం. ఆ ఒక్క కారణం చాలు.

ఆర్సీ, కాగితాలు

పదేళ్ల డీజిల్ బండిని మూలన పెట్టాలన్న మాట ఢిల్లీ ఎన్‌సీఆర్ సంగతి, మనకు కాదు. ఇక్కడ పదిహేనేళ్లు నిండేలోపు, గడువుకి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. కారుకి ఫీజు రూ. 5,000, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆలస్యమైతే నెలకి రూ. 500. రెన్యువల్ ఐదేళ్లకి వస్తుంది. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు రూ. 10,000 అయింది, కాబట్టి రెండో రెన్యువల్ నాటికి ఆ ఖర్చూ కలుపుకోండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లేముందు హ్యాండ్ బ్రేక్, లైట్లు, హారన్, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ సరిచూసుకోండి. ఛాసిస్ నంబరు మీద మట్టి, తుప్పు ఉంటే బ్రష్‌తో కడిగించండి. అది చదవలేకపోతే బండి వెనక్కి పంపుతారు.

ఫ్లోర్ పోయిన బండిని, మునిగిన బండిని రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ వస్తుంది. ఎక్స్ షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతం దాకా తుక్కు విలువ అని కేంద్ర విధానం చెబుతోంది. ఆ సర్టిఫికెట్ మీద సొంత వాడకం కొత్త బండికి రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం వరకూ రాయితీకి వీలుంది. నడిచే బండిని మాత్రం తుక్కుకి ఇవ్వకండి, నేరుగా అమ్మితేనే ఎక్కువ వస్తుంది.

అమ్మేటప్పుడు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి బ్రోకర్ చేతికిచ్చేసి ఊరుకోవద్దు. ఆర్సీలో పేరు మారేదాకా ప్రమాదం జరిగితే బాధ్యత పాత ఓనర్‌దేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ట్రాన్స్‌ఫర్ అయిన ఆర్సీ కాపీ చేతికొచ్చేదాకా కొంత డబ్బు ఆపే షరతు రాయించుకోండి. లోను ఎప్పుడో తీరినా హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు హక్కు) ఆర్సీలో అలాగే ఉండిపోతుంది, ఫారం 35తో ముందే తీయించండి. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ తీసుకుంటే, గరిష్ఠంగా 50 శాతం దాకా, కొత్త బండి పాలసీలో వాడుకోవచ్చు. చివరగా ఫాస్టాగ్‌ని బ్యాంకుకి చెప్పి మూయించండి. లేదంటే కొన్నాయన కాజ టోల్ దాటిన ప్రతిసారీ కోత మీ వాలెట్‌కే.